ముఖద్వారమున చేరు ఇసుక

చదువవలసిన భాగము: సామెతలు 24:30-34



విశాఖపట్నము రేవు 1933లో ఓడలకు తెరవబడెను. ఆ రేవునకు తుపాను ఒక్కటియే శత్రువు కాదు. అలలు తీరము వెంబడి ఇసుకను ఈడ్చుకొనివచ్చి ముఖద్వారమున చేర్చుచుండును. అందుచేత డ్రెడ్జరు అను ఓడతో ఏటేట ఆ ఇసుకను తోడవలెను. నిరుడు తోడితిమి గదా యని మానినయెడల దారి పూడును. పెద్ద ఓడలు లోనికి రాజాలవు.

సోమరితనమును ఇట్టిదే. అది ఒక్క దినమున మనలను పడగొట్టదు. సామెతల గ్రంథకర్త చూచిన పొలమును తలంచుడి. దానిని శత్రువు పాడుచేయలేదు. యజమానుడు ఊరకుండెను, అంతియే. కలుపును కొన్నాళ్లు విడిచిన రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే మనలో అనేకులు పొలమున సోమరులు కారు. కోడి కూయగానే లేచి నాట్లకు పోవుదుము. ఆ మనమే బైబిలు తెరచుటకు తీరిక లేదందుము. రోగియైన పొరుగువానిని రేపు చూతమందుము. సండేస్కూలు పిల్లలు వచ్చి కూర్చుందురు, ఉపాధ్యాయుడు రాడు. చేతులు కష్టపడుచుండగనే ఆత్మ నిద్రింపవచ్చును. ఒక తలాంతు పొందినవాడు దానిని దొంగిలించలేదు, పాతిపెట్టెను. అయినను తీర్పు తప్పించుకొనలేదు (మత్తయి 25).

ఈ పట్టణముననే మనకు మంచి మాదిరి కలదు. 1805లో లండన్ మిషను వారైన క్రాన్, డిగ్రాంజెస్ దొరలు ఇచ్చటికి వచ్చి, తెలుగు నేర్చుకొని, ఆనందరాయరు సహాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజెస్ మరణించిరి. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. ఆ అచ్చుప్రతిని వారు కన్నులార చూడలేదు. పిమ్మట ప్రిచెట్ దొర శ్రమవలన 1818లో క్రొత్త నిబంధన మద్రాసున వెలువడెను. మొదటివారు రేపు చేయుదమని యుండినయెడల, వారికి ఆ రేపు దొరకకపోవును.

కష్టపడి రక్షణను కొనలేము. కృప పొందితిమి గనుకనే పని చేయుదుము (1 కొరింథీ 15:10). మంచము పట్టినవారిని సోమరులని యెంచకుడి. వారి ప్రార్థన సంఘమునకు బలము.

ఈ నెలలో మీరు వాయిదా వేసిన పని ఒక్కటి ఎంచుకొనుడి: ఆగిన కుటుంబ ప్రార్థనయో, చూడవలసిన విధవరాలి యిల్లో. నేడే మొదలిడుడి. ప్రభువు మన హృదయ ద్వారమును పూడిపోనీయకుండును గాక. ఆమేన్.