బుట్ట అడుగున ఉన్న పండు

ఏప్రిల్, మే నెలల ఎండ సంగతి చంద్రబండ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ రాయచూరు నేలలో నిన్న దోరగా ఉన్న మామిడి ఇవాళ్టికి వేలు పెడితే దిగబడుతుంది. పైపండ్లు తినేస్తాం. అడుగువి "రేపు చూద్దాంలే" అని వదిలేస్తాం. నా బాధంతా ఆ రేపటి గురించే.

మాగే పండు ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. పక్కనున్న వాటినీ అదే తొందరగా మాగబెడుతుంది. వాయిదా వేసిన పనీ అంతే. చేయాల్సిన ఒక్క ఫోన్ చేయకపోతే, ఆ మనిషి ఎదురుపడే పెళ్లికీ పేరంటానికీ వెళ్లడం మానేస్తాం. తిండి సంగతికే వస్తే, ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. తప్పు హోటళ్ల మీదా పెళ్లిళ్ల మీదా తోసేయడానికి లేదు.

ముందు పండును చూసే చూపు కుదరాలి. మెత్తబడి తీపెక్కిన పండు వేరు, చెడిన పండు వేరు. బూజు పట్టినా, పులిసిన వాసన వచ్చినా మొహమాటం లేకుండా పారేయాలి. మెత్తటి పండులో బూజు పైకి కనిపించినంత మేరకే ఉండదు, లోపలికీ పాకుతుంది. అక్కడిదాకా కోసేసి మిగతాది తినడం పొదుపు కాదు. కానీ తొక్క నల్లబడిందని మంచి పండునూ విసిరేస్తాం. మనల్ని మనం కూడా అలాగే తోసిపుచ్చుకుంటాం. ముప్పై అయిదు దాటాయి, ఇప్పుడు కుట్టుపని ఏం నేర్చుకుంటాంలే అంటాం. ముక్కలు కోసి పళ్లెంలో పెట్టడానికి మెత్తబడిన పండు పనికిరాదు, నిజమే. రసానికి మాత్రం ఇదే కావాలి.

కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులతో పాటు మామిడితాండ్రకూ పేరున్న ఊరు. తాండ్రకు రసం తీసి, తీపి కలిపి, చాప మీద పలచగా పోసి ఎండబెడతారు. ఆ పొర ఆరాకే దాని మీద ఇంకో పొర. తొందరపడి ఒకేసారి మందంగా పోస్తే పైన ఆరినట్టుంటుంది, లోపల పులుస్తుంది. మన మిద్దెల మీద ఎండకేం కొదవ లేదు. నెయ్యి రాసిన పళ్లెం, పైన పలచటి గుడ్డ ఉంటే ఇంట్లోనూ తాండ్ర పడుతుంది. ఏ విద్యకైనా రోజుకో పొర అన్న ఈ ఓపికే కావాలని నా గట్టి నమ్మకం.

జామ సంగతి వేరు. బాగా మాగిన జామలో పెక్టిన్ తగ్గిపోతుంది, దానితో జెల్లీ గట్టిపడదు. నాలుగు దోరకాయలు కలిపితే నిలబడుతుంది. ఒంటరిగా కుదరని పనికి తోడు అడగడం నామోషీ ఎందుకవుతుంది?

ఇంత ఓపిక లేని రోజు మన ఉత్తర కర్ణాటక సీకరణి ఉండనే ఉంది. గుజ్జు చేత్తో పిసికి, కాచి చల్లార్చిన పాలు, కాస్త బెల్లం పొడి, యాలకులు కలపడమే. మామిడి లేకపోతే నల్లబడిన అరటిపండైనా సరే. చపాతీలు కాలుతుండగానే అయిపోతుంది.