నాట్ల పనిలో గర్భిణికి వచ్చు నొప్పులు

చూడి గేదె ఈనుటకు రెండు నెలలు ముందుగనే మన రైతులు పాలు పిండుట మానివేయుదురు. మందతో తోలక ఇంటిపట్టుననే మేపుదురు. ఇది మేము నేర్పవలసిన సంగతి గాదు. అయినను అదే రైతు పొలములో ఎనిమిదవ నెల గర్భిణి ప్రొద్దుటినుండి సాయంకాలమువరకు వంగి నాట్లు వేయుచుండుట ఏటేట చూచుచున్నాము. పోలిక మోటుగా నున్నచో మన్నింపుడు. మా వృత్తియందు దొరకు పోలికలు ఇట్టివే.

గర్భిణులు పనియే చేయరాదని మా యభిప్రాయము గాదు. వైద్యులు వలదనని గర్భిణి వారమునకు 150 నిమిషములకు తక్కువ గాకుండ నడకవంటి శ్రమ చేయుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. కాని నడక వేఱు, బురదలో వంగి వెనుకకు జరుగుచు నాటుట వేఱు. ఎండకు చెమట పోసి ఒంటిలో నీరు తగ్గును. పొలములో చాటు లేదని స్త్రీలు మూత్రము ఆపుకొందురు. ఆ భయముననే నీళ్లు త్రాగుటయు మానుదురు. ఈ సంగతి పురుషులమగు మాకు చాలకాలము తోపనే లేదు, ఒక ముసలమ్మ చెప్పగా తెలిసినది.

ఇట్టి శ్రమ పిమ్మట పొట్ట రాయివలె గట్టిపడి, కొంతసేపటికి మఱల మెత్తబడుట కలదు. గర్భసంచి కండరముతో నైనది గనుక అప్పుడప్పుడు బిగుసుకొనును. 1872లో ఇంగ్లండు వైద్యుడు జాన్ బ్రాక్స్టన్ హిక్స్ వీనిని వర్ణించెను. మన పెద్దలు దొంగనొప్పు లందురు. పని ఆపి, నీడను ఎడమప్రక్కకు పరుండి, రెండు మూడు గ్లాసుల నీళ్లు త్రాగి, మూత్రమునకు పోయి వచ్చినచో ఇవి సాధారణముగా గంటలోపల అణగును. వీనికి వరుస యుండదు, బలము హెచ్చదు.

రాత్రివేళ పిక్కలు పట్టుట మఱియొకటి. కాలు చాచి పాదపు వ్రేళ్లను మోకాలివైపునకు మెల్లగా లాగిన వదలును. అయితే ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, తాకిన నొప్పి పుట్టుచున్నచో నూనె రాచి మర్దింపరాదు. నెత్తురు గడ్డకట్టియుండవచ్చును, వెంటనే వైద్యునికి చూపవలెను.

విశ్రమించినను తగ్గక, నొప్పి వరుసగా వచ్చుచు, నడుమునుండి ముందునకు ప్రాకుచు, ఎడము తగ్గుచున్నచో అవి దొంగనొప్పులు గావు. 37 వారములు నిండకమునుపు గంటలో నాలుగైదు మారులకు మించి పొట్ట బిగిసినచో తెల్లవారువరకు ఆగరాదు. నెత్తురు కనబడుట, ఉమ్మనీరు కారుట, బిడ్డ కదలిక తగ్గుట, పొట్ట మెత్తబడక గట్టిగనే యుండి నొప్పి పెట్టుట: వీనిలో ఏ ఒక్కటి యున్నను విశ్రాంతి పరీక్షయు వలదు, తిన్నగా ఆస్పత్రికే పోవలెను. మూత్రమున మంట యున్నచో అదియు చెప్పవలెను. ఆ జబ్బుచేతను నొప్పులు పుట్టును.

నాలుగేండ్ల క్రిందట మా ప్రదర్శన మడిలోనే ఇట్టిది జరిగినది. తాడు పట్టి వరుస నాట్లు వేయించుచుంటిమి. వరుస నాట్లలో ఒక్కరు నడుమెత్తినచో తాడంతయు ఆగును. ఒక గర్భిణి రెండు మూడు మారులు నడుముపై చేయి వేసికొనెను. అడుగగా, "ఏమీ లేదండి, నడుము పట్టింది, అంతే" అనెను. మేము తాడు జరుపుడని కేక వేసితిమి. ఆమెను ఆస్పత్రికి చేర్చుసరికి రాత్రియైనది. నెలలు నిండకయే పుట్టిన ఆ బిడ్డ చాలదినములు అద్దాలపెట్టెలో నుండి బ్రతికినది. పనివలననే అట్లయ్యెనని డాక్టరమ్మ అనలేదు. కారణము అన్నిమారులు తెలియదట. వృథాయైన గంటలు మాత్రము మావే.

ఆ గంటల వెల యేమో తరువాత తెలిసికొంటిమి. 34 వారములలోపల కాన్పు వచ్చునట్లున్నచో, శిశువు ఊపిరితిత్తులు త్వరగా పక్వమగుటకు తల్లికి ఇంజెక్షను ఇత్తురు. న్యూజిలాండులో లిగిన్స్, హౌయీ అను వైద్యులు దీని గుణమును 1972లో వెల్లడించిరి. అది పూర్తిగా పనిచేయుటకు సుమారొక దినము పట్టును. ఆలస్యముగా పోయినవారికి ఆ వ్యవధి దొరకదు.

ఎకరమున కింతయని గుత్తకు పుచ్చుకొను ముఠాలో ఒకరు గట్టెక్కి కూర్చున్న తక్కినవారికి భారము. అందుచేతనే నొప్పి దాచుదురు. కావున సభ్యులు మేస్త్రితో గుత్త మాటలాడునపుడే ముఠాలో గర్భిణు లెందరో అడుగుడు. నెలలు నిండినవారికి నీడను కట్టలు లెక్కించుటయో, పసిపిల్లలను చూచుకొనుటయో అప్పగించి, కూలిలో భాగము తగ్గింపమని ముందే ఒప్పుకొనుడు. తగ్గు పనికి సొమ్ము రైతే పెట్టుకొనవలెను. ఎకరమునకు అది పెద్ద మొత్తము గాదు. గట్టుపై మంచినీళ్ల బిందెయు, మఱుగునకు నాలుగు తాటాకుల దడియు నుంచుడు. 108 వాహనము ఏ బాటవరకు రాగలదో నాట్లకు ముందే చూచి, ఆశా కార్యకర్త ఫోను నంబరు మేస్త్రి చేతి కిండు.