నాట్ల నడుము

ఏమ్మా చెల్లెళ్ళూ, నాట్లు మొదలయ్యాయి కదా, నడుములు ఎలా ఉన్నాయి? "వయసు మీద పడింది అక్కా" అని ముప్పై అయిదేళ్ళ వాళ్ళు కూడా అంటుంటే నా కడుపు తరుక్కుపోతుంది. అది వయసు కాదమ్మా, పని చేయించుకునే తీరు.

మీ పని మడిలో కాదు, వాకిట్లోనే మొదలవుతుంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి బాగా ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం పొట్టి చీపురుతో ఊడ్చి, ముగ్గేసి, అంట్ల ముందు కూర్చుంటాం! చీపురుకు పొడుగు కర్ర కట్టించుకోండి. నాట్ల రోజుల్లో అంట్లు ఇంట్లో మగవాళ్ళే తోమాలి, ఆ మాట గట్టిగానే చెప్పండి.

మడిలో దిగాక పొద్దస్తమానం వంగే ఉంటారు. అలా ఉంటే వెన్నుపూసల్ని కలిపి పట్టే కట్లు సాగుతాయి, లేవగానే మళ్ళీ బిగుసుకోవు. ఆ సాగిన నడుముతోనే పక్కకు తిరిగి తడి నారుకట్ట ఎత్తితే పట్టేస్తుంది. ముందు కాసేపు నిటారుగా నిలబడండి, రెండడుగులు వేయండి, అప్పుడు ఎత్తండి.

నిలబడనిస్తారా అంటారా? నిజమే. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకున్నాక నడుమెత్తిన మనిషిని పక్కవాళ్ళే తొందరపెడతారు. నా దృష్టిలో అసలు దోషం ఆ గుత్తలోనే ఉంది. అందుకే బేరం కుదుర్చుకునేటప్పుడే, గంటకోసారి గట్టెక్కుతామని ముఠా అంతా కలిసి చెప్పండి. ఒక్కరే అడిగితే బద్ధకమంటారు.

మీ ఆయన సంగతీ చూడండి. మగవాళ్ళు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని, ఆడవాళ్ళకు అంతకన్నా బాగా తక్కువుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు!

ఒకసారి పట్టేసిన నడుము మళ్ళీ పట్టేసే అవకాశం ఎక్కువ. అలాగని రోజుల తరబడి మంచం పట్టొద్దు, మెల్లగా తిరుగుతుంటేనే త్వరగా కోలుకుంటారు. నొప్పి బిళ్ళలు అదేపనిగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. నాట్లయ్యాక చూద్దాంలే అనొద్దు తల్లీ.