ఓడిపోవడానికి పోటీ పడ్డారే చెల్లీ!

చిన్నదాన్ని షటిల్ కోచింగ్‌లో చేర్చాలనుకుంటున్నావటగా. మంచి పనే చెల్లీ. కానీ ‘ఏ కోచ్ దగ్గర ఎక్కువ కప్పులొచ్చాయి’ అన్న ఒక్క వాకబే చేస్తున్నావని తెలిసి, నీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

2012 లండన్ ఒలింపిక్స్ అనగానే మనకి సైనా కాంస్యమే గుర్తొస్తుంది. అక్కడే మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ఓ భాగోతం నడిచింది. చైనా జోడీ యు యాంగ్, వాంగ్ షియావోలీ అప్పటికి ప్రపంచ ఛాంపియన్లు. క్వార్టర్స్‌కి ఎలాగూ చేరిపోయారు. చివరి గ్రూపు మ్యాచ్ గెలిస్తే, సొంత దేశపు రెండో జోడీయే ఫైనల్‌కి ముందే ఎదురయ్యేలా ఉంది. అందుకని ఓడిపోదామనుకున్నారు. విడ్డూరమేంటంటే, అవతలి కొరియా వాళ్లకీ గెలవాలని లేదు! సర్వీసులు నెట్‌కి కొట్టడం, షటిల్‌ని కావాలని బయటికి పంపడం... మొదటి గేమ్‌లో ఏ ర్యాలీ కూడా నాలుగు షాట్లు దాటలేదు. టికెట్ కొనుక్కొచ్చిన జనం గోల చేయరూ మరి? అదే రాత్రి ఇంకో కొరియా జోడీ, ఇండోనేషియా జోడీ కూడా ఇదే నాటకం ఆడాయి. మర్నాడు ఎనిమిది మందినీ పోటీల నుంచి తప్పించారు. చైనా హెడ్ కోచ్ లీ యోంగ్‌బో తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు.

అదే డబుల్స్‌లో గెలవాలనే ఆడిన మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప మాత్రం రెండు మ్యాచ్‌లు గెలిచి కూడా పాయింట్ల తేడాతో గ్రూపులోనే ఆగిపోయారు. కడుపు మండదూ!

ఓడితే లాభం కలిగేలా డ్రా వేసినవాళ్లదీ తప్పే, కాదనను. తర్వాత ఆ పద్ధతి మార్చారు కూడా. కానీ ఆ ఎత్తు వేయొచ్చని ఆటగాళ్ల తలకెక్కించేది ఎవరు? మన ఊళ్లలోనూ పుట్టినతేదీ మార్పించి పిల్లల్ని చిన్న వయసు విభాగంలో ఆడించేవాళ్లున్నారు. పన్నెండేళ్ల పిల్లకి ఆ ఆలోచన తనంతట తనకి వస్తుందా?

గెలుపు మీద ఆకలి ఉండకూడదని కాదమ్మా. రియో ఒలింపిక్స్‌కి ముందు కోచ్ గోపీచంద్ సింధు ఫోన్ మూడు నెలలు తీసి దాచేశాడు. అంత కఠినంగా తయారైన పిల్ల, అక్కడ 2016 ఫైనల్లో మొదటి గేమ్ గెలిచాక కూడా స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓడింది. మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే సింధు వెళ్లి కౌగిలించుకుంది, ఆమె వదిలేసిన రాకెట్ తీసి బ్యాగు దగ్గర పెట్టింది. ఆ కాఠిన్యం, ఈ మర్యాద రెండూ ఒకే పిల్లలో ఇమడలేదూ?

అందుకే, ఫీజు కట్టే ముందు ఓ సాయంత్రం కోర్టు పక్కన కూర్చో. తన శిష్యురాలికి తప్పుడు పాయింట్ కలిసొచ్చినప్పుడు ఆ కోచ్ ఏమంటాడో చూడు. నవ్వి ఊరుకున్నాడా, అల్మరా నిండా కప్పులున్నా సరే, మన పిల్లని అక్కడ చేర్చకు.