అడవిపూల ఛాయాచిత్రాలు: దగ్గరగా తీసే విధానం

తొలకరి పడిన కొద్ది వారాలకే మన దక్కను నేలపై, రాళ్ల సందులలో, బాటల అంచులలో ఎన్నో పూలు పూస్తాయి. తంగేడు, గునుగు బతుకమ్మలో చేరి అందరి కంటా పడతాయి. విష్ణుక్రాంతను గమనించేవారు అరుదు. సెంటీమీటరు వెడల్పైనా లేని ఆ నీలిపువ్వును చూడాలంటే మోకాళ్లపై వంగవలసిందే. అట్టి పూలను కెమెరాతో దగ్గరగా చిత్రించే విధానాన్ని విద్యార్థి మిత్రులకు తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మా పొరపాటు చెప్పుకుంటాము. తొలిసారి పువ్వును తుంచి, తెల్లకాగితంపై ఉంచి చిత్రించాము. చిత్రం చక్కగానే వచ్చింది. వృక్షశాస్త్ర అధ్యాపకులు చూసి, "ఆకు ఏది?" అని మాత్రం అడిగారు. శంఖపుష్పి అని కొందరు విష్ణుక్రాంతను, మరికొందరు చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక తీగను పిలుస్తారు. పేరు తడబడిన చోట ఆకు, కాడ, వాటిపై నూగు సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యాన్ని మేము నేలపైనే వదలివచ్చాము. మరల వెళ్లేసరికి అక్కడి గడ్డితోపాటు మొక్కను కూడా చెక్కివేశారు.

కనుక మొదటి నియమం: పువ్వును తుంచరాదు. గాలి తక్కువగా ఉండే ఉదయవేళ అనువైనది. ఎండ తీవ్రమైతే రేకుల రంగు వెలిసినట్లు కనిపిస్తుంది. పలుచని తెల్లగుడ్డను అడ్డుపట్టి వెలుతురును మెత్తపరచాలి. నీడవైపు తెల్ల అట్టముక్క నిలపాలి.

50 మి.మీ. కటకానికీ కెమెరాకూ నడుమ 50 మి.మీ. గొట్టం అమర్చితే, ప్రతిబింబం పువ్వంత పరిమాణంలోనే ఏర్పడుతుంది. అయితే లోపల పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది. స్పష్టంగా కనిపించే లోతు ఎఫ్ 11 వద్ద సైతం మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. రంధ్రాన్ని మరీ కుదిస్తే కాంతి వివర్తనం వలన చిత్రమంతా మసకబారుతుంది. అందుచేత కెమెరాను పువ్వు ముఖానికి సమాంతరంగా నిలిపి, కేసరాలపై గురి కుదర్చాలి. పిమ్మట కటకాన్ని తిప్పక, శరీరాన్నే కొద్దిగా ముందుకూ వెనుకకూ జరుపుతూ, గాలి ఆగిన క్షణాన మీట నొక్కాలి.

సెల్‌ఫోను మాత్రమే ఉన్నవారు నిరాశ చెందనక్కరలేదు. మరీ దగ్గరకు పోక, చిత్రం స్పష్టంగా కుదిరిన దూరంలో ఆగి తీసి, అంచులు తరువాత కత్తిరించుకోవచ్చును.

ప్రతి మొక్కకూ మూడు చిత్రాలు అవసరం: నిలిచిన చోటుతో సహా మొక్క, ఆకు కాడల అమరిక, పువ్వు. తేదీ, స్థలం వ్రాసి, ఆ పువ్వును తెలుగు ఇంట ఏమంటారో, ఉర్దూ ఇంట ఏమంటారో పెద్దలను అడిగి చేర్చాలి. అప్పుడే అది అందమైన చిత్రంగానే కాక, రేపటివారికి ఉపయోగపడే ఆధారంగా కూడా నిలుస్తుంది.

తుదకు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కళాశాల ఆవరణలో ఒక మూలనైనా వానకాలం ముగిసేవరకు గడ్డి చెక్కించక విడిచిపెట్టగలరని ప్రార్థిస్తున్నాము. పువ్వు మిగిలితేనే చిత్రం.