బిందె మీద పేరు

కంకిపాడు దగ్గర ఒక పల్లె. ఆ ఊరి తల్లి ఒకామె సంక్రాంతి సెలవుల్లో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని విజయవాడ వెళ్లింది. కొండెక్కి దుర్గమ్మ దర్శనం చేసుకున్నారు. ఇంకా చాలా పొద్దుంది. బందరు రోడ్డులో మ్యూజియం ఉందని కూతురికి బడిలో చెప్పారు. చూసిపోదాం అని పట్టుబట్టింది.

ఆ మ్యూజియం భవనం చాలా పాతది. విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండాయని 1887లో దానికి పునాది వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగాయి. గాంధీగారు వచ్చారు. మన భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్యగారు తాను తయారుచేసిన జెండాను ఆయనకు అప్పుడే చూపించారు. 2020 నుంచి దీన్ని బాపు మ్యూజియం అంటున్నారు.

లోపల అల్లూరులో దొరికిన బుద్ధుడి విగ్రహం ఉంది. తెల్లని రాయి. నిలువెత్తు మనిషి కంటే పెద్దది. చెక్కి పదిహేను వందల ఏళ్లు దాటింది.

"ఏం రాశారమ్మా ఇక్కడ?" అని కొడుకు అడిగాడు. వాడు రెండో తరగతి.

తల్లికి చదువు వచ్చి ఏడాది కూడా కాలేదు. "అల్... అల్లూ... అల్లూరు" అని కూడబలుక్కుని చదివింది. వెనక జనం ఆగారు. ఆమెకు సిగ్గేసింది. అయినా చదవడం ఆపలేదు.

కత్తులు చూశారు. డాళ్లు చూశారు. పాత నాణేలు చూశారు. బయటికొచ్చాక కొడుకు ఇంకో ప్రశ్న వేశాడు.

"రాజుల కత్తులున్నాయి. అమ్మమ్మ తిరగలి లేదేంటమ్మా?"

ఆమె దగ్గర జవాబు లేదు. పిల్లాడికి జామకాయ కొనిపెట్టి బస్సెక్కించింది.

మర్నాడు రాత్రి చదువు కేంద్రంలో ఈ మాట చెప్పింది. కొందరు నవ్వారు. "తిరగలి చూడటానికి టిక్కెట్టు ఎవరు కొంటారే?" అంది ఒకామె. కొంటారు. ఇంట్లో వాడుకునే వస్తువులు పెట్టిన మ్యూజియాలు లోకంలో చాలా ఉన్నాయి. యూదుల మ్యూజియాలు అట్లాంటివే.

యూదులంటే ఎవరు? చర్చికి వెళ్లే ఆడవాళ్లు వెంటనే చెప్పారు. బైబిల్లో ఉన్నది వాళ్ల సంగతే. యేసు పుట్టింది ఆ జనంలోనే. యెరూషలేములో వాళ్లకు పెద్ద దేవాలయం ఉండేది. క్రీ.శ. 70లో రోమను సైన్యం దాన్ని కూలగొట్టింది. ఆ జనం చాలా దేశాలకు చెదిరిపోయారు. ఎక్కడికి వెళ్లినా పండుగలు వదల్లేదు. గుడి కూలిపోయినా ఇల్లు ఉంది కదా. పండుగంతా ఇంట్లోకి వచ్చింది.

శుక్రవారం పొద్దుగూకే ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. అప్పటినుంచి శనివారం చీకటి పడేదాకా పని చెయ్యరు. ఆ పూట తినే రొట్టెను జడ అల్లినట్టు పాయలు పాయలుగా అల్లుతారు. ఇంకో పండుగ ఉంది. వాళ్ల పూర్వికులు ఐగుప్తులో బానిసలుగా ఉండి బయటపడ్డ సంగతి ఆ రోజు తలుచుకుంటారు. పళ్లెంలో చేదు ఆకులు పెడతారు. బానిస బతుకు చేదు గనక. పళ్లూ గింజలూ నూరి చేసిన తియ్యని ముద్ద పెడతారు. అది ఇటుకల మధ్య పెట్టే అడుసులా ఉంటుంది. మన ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేసినట్టే, రుచితో గుర్తు పెట్టుకోవడం. ఆ పూట ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల లేచి "ఈ రాత్రి ఎందుకు వేరుగా ఉంది?" అన్నట్టుగా ప్రశ్నలు అడగాలి. పెద్దలు జవాబు చెప్పాలి. పిల్లలు అడగడమే అక్కడ ఆచారం. మన ఇళ్లలో అయితే "నోర్మూసుకుని తిను" అంటాం.

ఈ దీపపు కుందులు, పళ్లాలు, గిన్నెలే యూదుల మ్యూజియాల్లో ఉంటాయి. న్యూయార్కులో, బెర్లిన్‌లో ఇవి ఉన్నాయి. కొన్ని సెలవు రోజుల్లో అక్కడ కుటుంబాలను రమ్మంటారు. తల్లీ తండ్రీ పిల్లలూ కలిసి ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. పిండి కలిపి రొట్టె అల్లుతారు. మట్టితో దీపాలు చేస్తారు. నాలుగు పలకల బొంగరం చేసి తిప్పుతారు. పలకకొక అక్షరం ఉంటుంది. అది హీబ్రూ అక్షరం. హీబ్రూకి 22 అక్షరాలే. కుడివైపు నుంచి ఎడమవైపుకి రాస్తారు. మనకు యాభై పైచిలుకు. నేర్చుకున్న కష్టం మీకు తెలుసు.

బెర్లిన్ మ్యూజియం వాళ్లు 2021లో పిల్లలకోసమే వేరే మ్యూజియం తెరిచారు. బైబిల్లోని నోవహు ఓడలాంటి పెద్ద ఓడ కట్టారు. అందులో దాదాపు 150 జంతువులున్నాయి. అన్నీ పాత సామాన్లతో చేసినవే. అక్కడ పిల్లలు ముట్టుకోవచ్చు, ఎక్కొచ్చు.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, దాని వెనక ఒక ఏడుపు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు జర్మనీని ఏలిన హిట్లరు ప్రభుత్వం యూరపులో అరవై లక్షల మంది యూదులను చంపించింది. ఆడవాళ్లను, చంటిబిడ్డలను కూడా వదల్లేదు. ప్రాగ్ నగరంలో 1906లో మొదలైన యూదుల మ్యూజియం ఒకటుంది. యుద్ధంలో ఆ చుట్టుపక్కల ఊళ్లనుంచి యూదులను శిబిరాలకు తోలేశారు. వాళ్ల ప్రార్థన మందిరాల్లోని తెరలు, దీపాలు, పుస్తకాలు ఈ మ్యూజియానికి చేరాయి. వస్తువులు మిగిలాయి. వాటిని తుడిచి పెట్టుకున్న చేతులు చాలావరకు మిగల్లేదు.

కేంద్రంలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెనాలి వైపు నుంచి కాపురానికొచ్చిన ఒకామె అంది. "మా పుట్టింటి వైపు చేబ్రోలు ఉంది. దాని పక్కన కొత్తరెడ్డిపాలెంలో మేము యూదులం అనేవాళ్లు ఉన్నారు."

అది నిజమే. అక్కడ కొన్ని మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయీము అని చెప్పుకుంటాయి. ఎఫ్రాయీము సంతానం అని దాని అర్థం. చాలామంది పొలం కూలి చేసుకునేవాళ్లు. మాట్లాడేది తెలుగు. 1990ల మొదట్లో ఊళ్లో చిన్న ప్రార్థన మందిరం పెట్టుకున్నారు. పిల్లలకు హీబ్రూ అక్షరాలు నేర్పుకున్నారు. తమ పెద్దలు ఏనాడో యూదుల దేశం నుంచి వచ్చారని వాళ్లు చెబుతారు. దానికి రాతలో సాక్ష్యం లేదు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకుంటూ వచ్చిన మాటే ఉంది. వాళ్లమీద ఇద్దరు పరిశోధకులు రాసిన పుస్తకం 2013లో ఇంగ్లీషులో వచ్చింది. పేదవాళ్ల చరిత్ర ఎవరు రాసిపెట్టారు గనక సాక్ష్యం చూపించడానికి?

కేరళలో మాత్రం రాసిపెట్టినవాళ్లున్నారు. ఆడవాళ్లే. కొచ్చి చుట్టుపక్కల యూదులు వందల ఏళ్లు కాపురమున్నారు. 1568లో కట్టిన వాళ్ల మందిరం కొచ్చిలో ఇప్పటికీ ఉంది. మందిరంలో ప్రార్థన హీబ్రూలో జరిగేది. పెళ్లిళ్లలో, పండుగల్లో ఆడవాళ్లు పాడే పాటలు మాత్రం వాళ్ల ఇంటి భాష మలయాళంలో ఉండేవి. ఆ పాటలను ఆడవాళ్లు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఒకరి పుస్తకం చూసి ఒకరు ఎక్కించుకున్నారు. 1950లలో ఆ జనంలో చాలామంది ఇశ్రాయేలు దేశానికి వెళ్లిపోయారు. వెళ్తూ ఆ పుస్తకాలు పట్టుకెళ్లారు. ఎన్నో ఏళ్ల తర్వాత పండితులు వాళ్ల దగ్గరికెళ్లి పాటలు సేకరించి అచ్చు వేశారు. పరవూరులో, చేందమంగలంలో ఖాళీ అయిన మందిరాలు ఇప్పుడు మ్యూజియాలయ్యాయి.

"నోటు పుస్తకం మన దగ్గరా ఉందిగా" అంది నాట్లకు వెళ్లే ఒకామె. వచ్చే ఆదివారం తలా ఒక పాత వస్తువు తేవాలని, పిల్లల్ని కూడా తీసుకురావాలని అనుకున్నారు. వస్తువు ఎవరిదో, ఎప్పటిదో అట్టముక్క మీద ఎవరికి వాళ్లే రాయాలి. పిల్లల చేత రాయించకూడదు. అది గట్టి నియమం.

మ్యూజియానికి వెళ్లొచ్చిన తల్లి ఇంటికొచ్చి మూల చూసింది. ఇత్తడి బిందె ఉంది. పుట్టింటి నుంచి సారెతో వచ్చింది. స్టీలు బిందెలు కొన్నాక దాన్ని వాడటం లేదు. దాన్ని సోమవారం పాత సామాన్ల బండికి వేసేద్దామని అత్తగారు నాలుగు రోజుల కిందటే అంది. పాక కప్పించాలి. తాటాకుకి డబ్బు కావాలి. ఇత్తడికి మంచి రేటుంది. తనూ సరే అంది.

చింతపండు పెట్టి బిందెను తోమింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. అక్కడ ఏదో పేరుందని చిన్నప్పటినుంచీ తెలుసు. తాత పేరు అని ఎవరో చెప్పారు. ఏనాడూ చదివింది లేదు. బిందెను దీపం దగ్గరికి జరిపి వేలు పెట్టి చదివింది. ఇంటిపేరు. తర్వాత పేరు. పేరు చివర "మ్మ" అని ఉంది.

తాత పేరు కాదు. అమ్మమ్మ పేరు. కింద ఊరి పేరు. ఆ కింద 1958.

అమ్మమ్మ జీవితమంతా వేలిముద్రే వేసింది. రోజూ ఆ బిందె చంకన పెట్టుకుని చెరువు నీళ్లు మోసింది. దాని మీద ఉన్నది తన పేరేనని ఆమెకు తెలుసో లేదో!

కూతురు పక్కకొచ్చి, "ఏమైందమ్మా?" అంది. "ముందు నువ్వు చదువు" అంది తల్లి. కూతురు గబగబా చదివేసింది. తల్లి మళ్లీ నిదానంగా చదివింది.

ఆదివారం కేంద్రంలో తిరగలి వచ్చింది. కవ్వం వచ్చింది. ఎద్దు మెడలో కట్టిన గంట వచ్చింది. పిల్లలు తిరగలిలో పెసలు పోసి వంతులవారీగా తిప్పారు. చేతులు నొప్పి అని మధ్యలో వదిలేశారు. ఒకామె వట్టి చేతులతో వచ్చింది. "మా అమ్మ నాకు నాట్ల పాట తప్ప ఏమీ ఇయ్యలా" అంది. అయితే అదే రాయమన్నారు. రాయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. రెండు చరణాలు గుర్తు రాలేదు. అక్కడ ఖాళీ వదిలింది. బిందె పక్కన పెట్టిన అట్టముక్క మీద ఇట్లా ఉంది: "ఇత్తడి బిందె. మా అమ్మమ్మది. 1958. నీళ్లు మోసింది."

సోమవారం పొద్దున బండివాడు కేక వేశాడు. అత్తగారు బిందె కోసం వచ్చింది.

"ఇది ఇవ్వను అత్తయ్యా. మా అమ్మమ్మ పేరుంది దీని మీద."

"ముందు సరే అన్నావుగా. పేరుంటే పాకలోకి వాన రాదా ఏంటి?"

కోడలు ఏమీ అనలేదు. విరిగిన సైకిలు చక్రం, చిల్లిపడ్డ సత్తు గిన్నెలు బండికి వేసింది. ఆ డబ్బు తాటాకుకి సగం కూడా చాలదు. మిగతాది కూలి డబ్బులో నుంచి పెడతానంది. అత్తగారు గొణుక్కుంటూ లోపలికెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేటప్పుడు చేతిలో నల్లబడ్డ రాగి చెంబు ఉంది.

"మా అమ్మ నా పెళ్లికి ఇచ్చింది. దీని మీద కూడా ఏదో కొట్టించారు. ఏముందో చూడవే."

కోడలు చెంబును వెలుగులోకి తిప్పింది. అక్షరాలు మసిలో కలిసిపోయాయి.

"కాస్త చింతపండు తేండి అత్తయ్యా" అంది.

చేసి చూడండి

మీ ఇంట్లో పేరు కొట్టించిన గిన్నె, చెంబు, బిందె ఏదైనా ఉందా? ఆ పేరు చదవండి. ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో మూడు మాటల్లో రాయండి. పేరున్న వస్తువు లేకపోతే మీ అమ్మ పాడిన పాట ఒకటి రాయండి. గుర్తు రాని చోట ఖాళీ వదలండి.