మైక్రోబీమ్ హాల్లోకి అడుగుపెట్టే ముందు

మైక్రోబీమ్ లైన్‌కి (మైక్రాన్ల వెడల్పుకు సన్నబరిచిన అయాన్ పుంజానికి) ఆటోమేషన్ రాసే పిల్లలకు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. స్లిట్లు మైక్రాన్ల లెక్కన జరపడం, క్వాడ్రపోల్ కరెంటు సర్దడం, బీమ్‌ను నమూనా మీద వరసలు వరసలుగా తిప్పడం కంప్యూటర్‌కు వదిలేయండి. మనుషుల ప్రాణం మాత్రం దానికి అప్పగించకండి.

చేయవలసినవి

• తలుపు ఇంటర్‌లాక్‌ను రిలేలతో, వైర్లతోనే కట్టండి. తలుపు తెరిచినా, ప్రోగ్రాం హ్యాంగ్ అయినా, కరెంటు పోయినా బీమ్‌స్టాప్ దానంతటదే అడ్డం పడాలి. థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం 1985-87 మధ్య ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. పాత మోడల్లో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు పీకేసి, కాపలా సాఫ్ట్‌వేర్‌కు ఒప్పజెప్పారు. నిజానికి పాత మోడల్ ప్రోగ్రాంలోనూ అదే తప్పుంది. అక్కడ ఫ్యూజులు ఎగిరిపోయి రోగుల్ని కాపాడాయి.

• హాలు మూసేముందు లోపలంతా నడిచి, "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి, వెనక మూలనున్న సెర్చ్ బటన్ నొక్కి రండి. కెమెరాలో చూశామంటే కుదరదు. మాగ్నెట్ వెనక వంగి నట్టు బిగించే మనిషి కెమెరాకు కనపడడు.

• లోపలికెళ్లే ప్రతివాళ్లూ ఇంటర్‌లాక్ తాళంచెవి జేబులో వేసుకునే వెళ్లాలి. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచేది) ఉండాల్సింది ఛాతీ మీద, బ్యాగులో కాదు.

చేయకూడనివి

• ఆక్సిజన్ మీటర్ లేకుండా అక్సిలరేటర్ ట్యాంకులోకి గానీ, దాని కింది గుంటలోకి గానీ దిగకండి. ఇన్సులేషన్‌కు నింపే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గాలికన్నా ఐదు రెట్లు బరువు. రంగుండదు, వాసనుండదు, పల్లంలో నీళ్లలా నిలుస్తుంది. పూడిక తీయడానికి పాడుబావిలో దిగినవాళ్లు ఎలా పోతారో మనకు తెలిసిందే. పడిపోయినవాణ్ణి పైకి తేవాలని ఇంకొకరు దిగొద్దు.

• కొద్ది వోల్టులే కదా అని ఉంగరంతో క్వాడ్రపోల్ టెర్మినళ్లు ముట్టుకోకండి. పదుల ఆంపియర్ల దగ్గర ఉంగరం షార్టయితే వేలు పోతుంది.

• బీమ్ నానోఆంపియర్లలోనే ఉందని ధీమా వద్దు. నమూనాలో లిథియం ఉంటే, ప్రోటాన్లు 1.88 ఎంఈవీ దాటగానే న్యూట్రాన్లు పుడతాయి. బ్యాటరీ పదార్థాలు పట్టుకొచ్చే విద్యార్థుల్ని ముందే అడగండి. డ్యూటీరాన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

• "ఒక్క ఐదు నిమిషాలు" అంటూ ఇంటర్‌లాక్‌కు జంపర్ వేయకండి. తలుపు దగ్గర జంపర్ వైరు కనిపిస్తే, ఎవరు వేశారన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు బీమ్ ఆపండి.